కత్తిరిస్తే పోయినట్టేనా?

బ్యాంకు పేజీని స్క్రీన్‌షాట్ తీశారు. డబ్బు జమ అయినట్టు చూపించే రెండు వరసలు ఉంచి, కింద ఉన్న ఖాతా నంబరు, ఇంటి అడ్రసు కత్తిరించేశారు. సేవ్ కొట్టి, మెయిల్‌కి జత చేసి పంపేశారు. మీ స్క్రీన్ మీద కనిపించేది ఆ రెండు వరసలే. అందుకున్నవాళ్లకు కనిపించేదీ అవే. మరి ఫైల్లో ఏముంది? ఎప్పుడైనా చూశారా?

చూసి ఉండరు. చూడాలని మనకెవరూ చెప్పలేదు కాబట్టి. కంటికి కనబడకపోతే లేనట్టే అనుకోవడం అందరికీ అలవాటు. కానీ కంప్యూటర్లో కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఈ తేడా తెలియక ఎంతోమంది తమ వివరాలను తామే కవరులో పెట్టి పంపించారు. వాళ్లు చేసిన తప్పేమీ లేదు. నమ్మి వాడిన పనిముట్టులోనే లోపం ఉంది.

ఆ లోపం ఏమిటో కొద్దిగా, దాని నుంచి మిమ్మల్ని మీరు ఎలా కాపాడుకోవాలో వివరంగా ఈ అధ్యాయంలో చూద్దాం. మీరు కంప్యూటర్ నిపుణులు కానక్కర్లేదు. స్క్రీన్‌షాట్ తీయడం వస్తే చాలు.

2023లో ఏం బయటపడింది?

2023 మార్చిలో సైమన్ ఆరన్స్, డేవిడ్ బుకానన్ అనే ఇద్దరు గూగుల్ పిక్సెల్ ఫోన్లలో ఉండే మార్కప్ అనే ఎడిటర్‌లో ఒక లోపాన్ని ప్రపంచానికి చూపించారు. ఆ ఎడిటర్లో కత్తిరించిన స్క్రీన్‌షాట్ ఎవరి చేతికైనా దొరికితే, కత్తిరించేసిన భాగంలో చాలావరకు మళ్లీ పైకి తేవచ్చు. దీనికి ఎక్రాపలిప్స్ అని పేరు పెట్టారు. గూగుల్‌కి ఆ జనవరిలోనే సంగతి తెలియజేశారు. మార్చి నెల సెక్యూరిటీ అప్‌డేట్‌తో పిక్సెల్ ఫోన్లకు మరమ్మతు వచ్చింది.

కథ అక్కడితో ఆగలేదు. కొద్ది రోజులకే క్రిస్ బ్లూమ్ అనే ఇంజినీరు విండోస్ 11లోని స్నిప్పింగ్ టూల్ కూడా ఇదే పని చేస్తోందని గమనించారు. విండోస్ 10లో ఉండే స్నిప్ అండ్ స్కెచ్‌దీ అదే తీరు. అంటే కోట్లమంది కంప్యూటర్లలో, ఆపరేటింగ్ సిస్టమ్‌తోపాటే వచ్చే పనిముట్టు అది. ఆ నెలలోనే మైక్రోసాఫ్ట్ దానికి సీవీఈ-2023-28303 అని నంబరు ఇచ్చి, సరిచేసిన వెర్షన్లు విడుదల చేసింది.

ఇలాంటి లోపాలను సమాచారం బయటపడే లోపాలు అంటారు. వీటిలో వైరస్ ఏదీ దూరదు, కంప్యూటర్ నెమ్మదించదు, హెచ్చరికా రాదు. అంతా సవ్యంగానే ఉన్నట్టు ఉంటుంది. ఇవి ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకపోవడానికి కారణం అదే.

మైక్రోసాఫ్ట్ దీని తీవ్రతకు 10కి 3.3 మార్కులే వేసింది. "అంత తక్కువైతే వదిలేయొచ్చుగా?" అంటారేమో. ఆ మార్కు ఎందుకు తగ్గిందో చూడండి. దాడి చేసేవాడు తనంతట తాను ఏమీ చేయలేడు. మీరు ఒక వరసలో కొన్ని పనులు చేసి, ఆ ఫైల్ మీరే పంపి ఉండాలి. అందుకని తక్కువ మార్కు. కానీ మీరు ఆ పనులు చేసి, ఆ ఫైల్ పంపి ఉంటే? అప్పుడు ఆ 3.3 మీకు ఏ రక్షణా ఇవ్వదు.

పిక్సెల్ లోపాన్ని బయటపెట్టినవారిలో ఒకరైన బుకానన్‌కే ఇది ఎదురైంది. తాను గతంలో డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో పెట్టిన బొమ్మలన్నిటినీ జల్లెడ పడితే ఈ లోపం ఉన్నవి చాలానే తేలాయి. వాటిలో ఒకటి ఈబేలో కొన్న వస్తువు చూపించడానికి పెట్టిన ఆర్డర్ మెయిల్ స్క్రీన్‌షాట్. వస్తువు బొమ్మ మాత్రం ఉంచి మిగతాది కత్తిరించారు. మరుగున పడిందనుకున్న ఆ భాగాన్ని పైకి తెస్తే ఆయన పూర్తి చిరునామా కనబడింది.

ఎలా మిగిలిపోయింది?

పాత ఆడియో క్యాసెట్ గుర్తు తెచ్చుకోండి. అరగంట ఉపన్యాసం ఉన్న క్యాసెట్ మీద, మొదటినుంచి అయిదు నిమిషాల పాట రికార్డు చేశారు. పాట అయిపోయాక ఏం వినిపిస్తుంది? మిగతా పాతిక నిమిషాల ఉపన్యాసం. ఇక్కడ జరిగిందీ అచ్చంగా అదే.

మొదట తీసిన పెద్ద స్క్రీన్‌షాట్ ఒక ఫైలుగా సేవ్ అయింది. కత్తిరించి అదే ఫైలు మీద మళ్లీ సేవ్ చేసినప్పుడు, చిన్న బొమ్మ మొదట్లో కాస్త చోటు ఆక్రమించింది. దాని వెనక ఉన్న పాత బొమ్మ తాలూకు తోక అలాగే ఉండిపోయింది. పీఎన్‌జీ ఫైల్లో బొమ్మ ముగిసిందని చెప్పడానికి చివర ఐఎండ్ అనే చిన్న గుర్తు ఉంటుంది. ఫొటో చూపించే యాప్ ఆ గుర్తు కనబడగానే ఆగిపోతుంది, దాని వెనక ఏముందో పట్టించుకోదు. మీకు చిన్న బొమ్మే కనిపిస్తుంది. కానీ ఫైలు బరువు మాత్రం తగ్గదు.

పిక్సెల్ ఫోన్ల విషయంలో అసలు మూలం ఇంకా చిన్నది. ఫైలు తెరిచేటప్పుడు ఆండ్రాయిడ్‌కి ఏ పద్ధతిలో తెరవాలో అక్షరాలతో చెప్పాలి. 'డబ్ల్యూ' అంటే రాయడానికి. 'డబ్ల్యూటీ' అంటే పాతది తుడిచి రాయడానికి. ఒకప్పుడు 'డబ్ల్యూ' అన్నా పాతది తుడిచేది. ఆండ్రాయిడ్ 10 నుంచి ఆ పద్ధతి మారింది. ఎడిటర్లో మాత్రం 'టీ' చేరలేదు. ఒక్క అక్షరం లేకపోవడంతో ఇంత జరిగింది.

ఇందులో మీకు పనికొచ్చే విషయం ఒకటుంది. చెరిగిపోయేది పాత ఫైలు మొదటి భాగం, మిగిలేది చివరి భాగం. కాబట్టి ప్రమాదం ఎక్కువగా స్క్రీన్‌షాట్ కింది భాగానికి. సంతకాలు, అడ్రసులు, ఖాతా వివరాలు సాధారణంగా పేజీలో ఎక్కడుంటాయి? కింది భాగంలోనే కదా!

ఇది మీకు వర్తిస్తుందా?

కంగారు పడేముందు ఈ రెండు జాబితాలు చూడండి.

ప్రమాదం ఉన్న పద్ధతులు:

- 2023 మార్చిలో వచ్చిన సరిచేసిన వెర్షన్ వేసుకోకముందు స్నిప్పింగ్ టూల్‌లో (విండోస్ 11) గానీ, స్నిప్ అండ్ స్కెచ్‌లో (విండోస్ 10) గానీ స్క్రీన్‌షాట్ తీసి, సేవ్ చేసి, ఆ తర్వాత కత్తిరించి, అదే పేరుతో అదే చోట మళ్లీ సేవ్ చేయడం.
- ఉన్న బొమ్మను ఆ యాప్‌లో తెరిచి, కత్తిరించి, దాని మీదే సేవ్ చేయడం.
- పిక్సెల్ ఫోన్లో 2023 మార్చి అప్‌డేట్‌కి ముందు మార్కప్‌లో స్క్రీన్‌షాట్ కత్తిరించి పంపడం.

ప్రమాదం లేని పద్ధతులు:

- మొదటిసారి సేవ్ చేయడానికి ముందే కత్తిరించడం.
- సేవ్ చేయకుండా కాపీ చేసి మెయిల్‌లోనో వర్డ్ ఫైల్లోనో పేస్ట్ చేయడం.
- కత్తిరించాక కొత్త పేరుతో, కొత్త ఫైలుగా సేవ్ చేయడం.

తేడా గమనించారా? పాత ఫైలు మీద కొత్తది రాయడం దగ్గరే గొడవంతా. ఆ ఒక్క అలవాటు మానుకుంటే, రేపు ఇంకో యాప్‌లో ఇలాంటి లోపం బయటపడినా మీకు నష్టం ఉండదు. కింద చెప్పే ఏడు అడుగులూ ఈ మాటను ఆచరణలో పెట్టడానికే.

ఏడు అడుగులు

1. ముందు మీ యాప్ వెర్షన్ చూడండి. సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితా తెరవండి. స్నిప్పింగ్ టూల్ పక్కన ఉన్న మూడు చుక్కలు నొక్కి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లండి. వెర్షన్ నంబరు అక్కడ ఉంటుంది. విండోస్ 11లో అది 11.2302.20.0 లేదా అంతకంటే పెద్దది అయి ఉండాలి. విండోస్ 10లోని స్నిప్ అండ్ స్కెచ్ అయితే 10.2008.3001.0 లేదా ఆపైన. తక్కువ ఉంటే రెండో అడుగు వేయండి.

2. అప్‌డేట్ చేయండి, సరైన చోట. చాలామంది ఇక్కడే పొరబడతారు. "మా సిస్టమ్‌లో విండోస్ అప్‌డేట్ ప్రతి నెలా నడుస్తుంది, మాకేం కాదు" అంటారు. ఈ మరమ్మతు వచ్చింది ఆ దారిలో కాదు, మైక్రోసాఫ్ట్ స్టోర్ ద్వారా. స్టోర్ తెరిచి, డౌన్‌లోడ్స్‌లోకి (పాత స్టోర్‌లో లైబ్రరీలోకి) వెళ్లి, అప్‌డేట్స్ తెప్పించుకునే బటన్ నొక్కండి. ఇంట్లో కంప్యూటర్లకు మామూలుగా ఇది దానంతట అదే జరుగుతుంది. కానీ స్టోర్‌లో ఆటో అప్‌డేట్ ఆపేసి ఉన్నా, ఆఫీసులో స్టోర్‌నే మూసేసి ఉన్నా జరగదు. మీది ఆఫీసు కంప్యూటర్ అయితే ఐటీ విభాగం వాళ్లకి వెర్షన్ నంబరు చెప్పి అడగండి. నంబరు చెప్పి అడిగితే పని త్వరగా అవుతుంది. ఇంకో మాట: విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంకా దాని మీదే ఉంటే, మారే సంగతి వాయిదా వేయకండి.

3. మీరే ఒక చిన్న పరీక్ష చేయండి. ఎవరి మాటా నమ్మక్కర్లేదు. ఏ రహస్యమూ లేని పేజీ ఒకటి తెరిచి, స్క్రీన్ మొత్తం స్క్రీన్‌షాట్ తీసి, డెస్క్‌టాప్ మీద 'పరీక్ష' అనే పేరుతో సేవ్ చేయండి. ఆ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో సైజు ఎంతో కాగితం మీద రాసుకోండి. ఇప్పుడు అదే బొమ్మను అగ్గిపెట్టంత ముక్కగా కత్తిరించి, అదే పేరుతో సేవ్ చేయండి. మళ్లీ ప్రాపర్టీస్ చూడండి. సైజు బాగా తగ్గిందా? అయితే మంచిదే. ముక్క అంత చిన్నదై ఉండీ, సైజు అంకె రాసుకున్నదానికి ఏమాత్రం తగ్గకుండా అలాగే ఉందా? పాత బొమ్మ తోక ఇంకా అందులోనే ఉందన్నమాట. మీ కళ్లతో మీరు చూసుకునే రుజువు ఇది.

4. ముందు కత్తిరించండి, తర్వాత సేవ్ చేయండి. అసలు స్క్రీన్ మొత్తం తీసి కత్తిరించడం ఎందుకు? విండోస్, షిఫ్ట్, ఎస్ మీటలు మూడూ కలిపి నొక్కితే కావలసినంత మేరే గీసి తీసుకోవచ్చు. రెండు వరసలు కావాలంటే రెండు వరసలే గీయండి. తీయని సమాచారం ఎవరికీ దొరకదు. ఈ అధ్యాయం మొత్తంలో ఒక్క సలహానే గుర్తుంచుకోగలను అనుకుంటే, ఇదే గుర్తుంచుకోండి.

5. కొత్త పేరుతో కొత్త ఫైలు. కత్తిరించడం తప్పనిసరి అయితే 'సేవ్ యాజ్' వాడండి. పేరు మార్చండి. చివర 'పంపేది' అని చేర్చుకోవడం మంచి పద్ధతి. ఏది అసలు ఫైలో, ఏది బయటికి వెళ్లేదో మీకే స్పష్టంగా ఉంటుంది, హడావిడిలో ఒకటి బదులు ఇంకోటి జత చేసే ప్రమాదమూ తప్పుతుంది.

6. అసలు ఫైలు ఎక్కడుందో చూడండి. విండోస్ 11లోని స్నిప్పింగ్ టూల్ మీరు తీసిన స్క్రీన్‌షాట్లను పిక్చర్స్‌లోని స్క్రీన్‌షాట్స్ ఫోల్డర్లో తనంతట తానే దాచిపెడుతుంది. మీరు ముక్క పంపి మర్చిపోయినా, మొత్తం బొమ్మ అక్కడ పడి ఉంటుంది. ఆ ఫోల్డర్ వన్‌డ్రైవ్‌తో ముడిపడి ఉంటే క్లౌడ్‌లోనూ ఉంటుంది. నెలకోసారి ఆ ఫోల్డర్ తెరిచి, అక్కర్లేనివి తీసేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి.

7. పంపేముందు మూడు ప్రశ్నలు. దీన్ని అందుకునేవాళ్లకి ఇందులో ఏం కావాలి? అంతకు మించి ఇందులో ఏముంది? ఈ ఫైలు ముక్కకు తగ్గ బరువే ఉందా? మూడింటికీ జవాబు తెలిశాకే పంపండి. అర నిమిషం కూడా పట్టదు.

తరచూ జరిగే పొరపాట్లు

అప్‌డేట్ అయిపోయింది, ఇక భయం లేదనుకుని చాలామంది మళ్లీ వేరే దారిలో ఇదే ఇబ్బందిలో పడతారు. ఇవి చూడండి.

పొరపాటు 1: "అప్‌డేట్ చేశాను, పాతవి కూడా బాగైపోయాయి." కాదు. అప్‌డేట్ పనిముట్టును బాగుచేస్తుంది, ఆ పనిముట్టుతో మీరు గతంలో చేసిన ఫైళ్లను కాదు. 2022లో పంపిన స్క్రీన్‌షాట్ అవతలివాళ్ల ఇన్‌బాక్స్‌లో ఎలా వెళ్లిందో అలాగే ఉంది. అక్కడిదాకా ఏ కంపెనీ రాలేదు. అది మీరు చూసుకోవాల్సిన పనే.

పొరపాటు 2: మసక చేస్తే చాలనుకోవడం. నంబరును మసకబార్చినా, గళ్లుగళ్లుగా చేసినా, ఆ మసకలోంచి అంకెలను తిరిగి రాబట్టే పనిముట్లు ఉన్నాయి. ఫోన్లో హైలైటర్ పెన్నుతో రుద్దితే సిరా కింద అక్షరాలు లీలగా ఉంటాయి, వెలుతురు పెంచితే బయటపడతాయి. దాచాలంటే కింద ఏమీ కనబడని నిండు రంగు పెట్టె గీయండి. గీశాక కొత్త ఫైలుగా సేవ్ చేయండి.

పొరపాటు 3: పీడీఎఫ్ మీద నల్లపట్టీ. 2019 జనవరిలో అమెరికాలో పాల్ మానఫోర్ట్ అనే రాజకీయ సలహాదారు లాయర్లు కోర్టుకు ఇచ్చిన పీడీఎఫ్‌లో కొన్ని వాక్యాలకు నల్లపట్టీలు వేశారు. చదివినవాళ్లు ఆ పట్టీలను సెలెక్ట్ చేసి, కాపీ చేసి, వేరేచోట పేస్ట్ చేస్తే వాక్యాలన్నీ వచ్చేశాయి. పట్టీ పైన ఉంది, అక్షరం కింద ఉంది. పీడీఎఫ్‌లో ఏదైనా దాచాలంటే అక్షరాలను నిజంగా తొలగించే సదుపాయం ఉన్న సాఫ్ట్‌వేర్ వాడాలి. అది లేకపోతే పేజీని స్క్రీన్‌షాట్ తీసి, నిండు పెట్టె గీసి, బొమ్మగా పంపండి.

పొరపాటు 4: వర్డ్‌లో క్రాప్. వర్డ్ ఫైల్లో పెట్టిన బొమ్మను అక్కడే క్రాప్ చేస్తే అది పక్కకు తప్పుకుంటుందంతే, పోదు. అవతలివాళ్లు ఆ క్రాప్‌ను వెనక్కి లాగితే మొత్తం బొమ్మ కనిపిస్తుంది. బొమ్మను ఎంచుకుని, కంప్రెస్ పిక్చర్స్‌లోకి వెళ్లి, క్రాప్ చేసిన భాగాలను తొలగించే గడికి టిక్ పెట్టండి.

పొరపాటు 5: "వాట్సాప్‌లోనేగా పంపాను." వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది కుదించి కొత్తగా తయారుచేసి పంపుతుంది, కాబట్టి పాత తోక మామూలుగా రాలిపోతుంది. కానీ నాణ్యత తగ్గకూడదని డాక్యుమెంట్‌గా పంపితే? ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది. మెయిల్ అటాచ్‌మెంట్ కూడా అంతే. పంపే దారి మిమ్మల్ని కాపాడుతుందని నమ్ముకోకండి. డిస్కార్డ్ 2023 జనవరిదాకా బొమ్మల వెనకున్న తోకను అలాగే ఉంచేది, తర్వాత కత్తిరించడం మొదలుపెట్టింది. దారులు ఎప్పుడు ఎలా మారతాయో మన చేతిలో లేదు. ఫైలు మాత్రం మన చేతిలో ఉంది.

మూడు సందర్భాలు

పెన్షన్ స్లిప్. అనకాపల్లిలో ఉండే రిటైర్డ్ మాస్టారు తన పెన్షన్ స్లిప్ స్క్రీన్‌షాట్‌ని ఆడిటర్‌కి పంపారు. కూతురు ఫోన్లో అడిగింది.

"నాన్నా, అకౌంట్ నంబర్ తీసేసి పంపావా?"

"కింద అంతా కోసేశానమ్మా."

"కోసి దాని మీదే సేవ్ చేశావా, వేరే పేరు పెట్టావా?"

"దాని మీదే. వేరే పేరెందుకు?"

ఆ అమ్మాయి ఏం చేయాలి? "అయ్యో నాన్నా, ఎంత పని చేశావ్" అనకూడదు. పెద్దవాళ్లు ఒకసారి చిన్నబుచ్చుకుంటే రెండోసారి ఏమీ చెప్పరు. "ఏం పర్లేదు నాన్నా, ఒకసారి వెర్షన్ చూద్దాం" అని, వీడియో కాల్‌లో పక్కన కూర్చున్నట్టుగా 1, 2, 3 అడుగులు చేయించాలి. ముందునుంచీ కొత్త వెర్షనే అయితే అక్కడితో సరి. కాకపోతే కింద ఉన్న 'ఇప్పటికే పంపేసి ఉంటే?' భాగం చూడాలి. మీ ఇంట్లో ఈ పని మీరే చేయాలి. ఇంకెవరూ చేయరు.

ఆఫీసు మాన్యువల్. ఒక కంపెనీలో కొత్తగా చేరిన కుర్రాడికి సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చూపించే మాన్యువల్ తయారుచేసే పని అప్పజెప్పారు. అసలు కస్టమర్ల వివరాలున్న స్క్రీన్లనే తీసి, పైన మెనూ ఉంచి, కింద పేర్లు, ఫోన్ నంబర్లు కత్తిరించాడు. మాన్యువల్ వందలమందికి వెళ్తుంది. ఇక్కడ సరైన పద్ధతి ఏది? కత్తిరించడం కాదు. ఉత్తుత్తి పేర్లతో ఒక డెమో ఖాతా తెరిచి, దాన్నే స్క్రీన్‌షాట్ తీయడం. మీరు ఆ టీమ్ లీడర్ అయితే పని అప్పజెప్పేటప్పుడే ఈ మాట చెప్పండి. మీరే ఆ కుర్రాడైతే, "సార్, డెమో ఖాతా ఇప్పించండి, అసలు డేటాతో వద్దు" అని అడగడానికి మొహమాటపడకండి. అలా అడిగినవాళ్ల మీద గౌరవం పెరుగుతుందే తప్ప తగ్గదు.

అద్దె ఇల్లు. ఇంటి ఓనర్ ఆధార్ అడిగారు. మీరు నంబరు కత్తిరించి పంపాలనుకున్నారు. ఆగండి. ఆధార్ సంస్థ వెబ్‌సైట్‌లోనే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకునే సదుపాయం ఉంది. అందులో మొదటి 8 అంకెలు కనబడవు, చివరి 4 మాత్రమే ఉంటాయి. ఆధార్ నంబరు బదులు వాడుకోవడానికి 16 అంకెల వర్చువల్ ఐడీ కూడా ఇస్తారు. "అంకుల్, మాస్క్‌డ్ ఆధార్ పంపిస్తున్నాను, అది సరిపోతుంది" అని మర్యాదగా చెప్పండి. దాచే ఏర్పాటు ఇచ్చేవాళ్ల దగ్గరే ఉన్నప్పుడు, మనం కత్తెర పట్టుకోవడం దేనికి?

ఇప్పటికే పంపేసి ఉంటే?

ముందు ఊపిరి పీల్చుకోండి. ఆ ఫైలు దుర్బుద్ధి ఉన్నవాడికి దొరకాలి, దాని మీద వాడికి అనుమానం రావాలి, తోకను విప్పే పని చేయాలి. అన్నీ కలిసి రావడం అరుదు. అయినా మీ చేతిలో ఉన్న పని మీరు చేయండి. ఈ వరసలో:

1. వెతకండి. నాలుగు చోట్ల చూడండి: మెయిల్‌లో పంపినవి, డ్రైవ్‌లో షేర్ చేసినవి, కస్టమర్ కేర్ ఫిర్యాదులకు జత చేసినవి, బహిరంగంగా ఎక్కడైనా పెట్టినవి. 2023 మార్చి దాకా పంపినవి చాలు; మీ యాప్ ఆ తర్వాత కూడా పాతదే అయితే, అప్‌డేట్ చేసేదాకా పంపినవన్నీ. అందరికీ కనబడే చోట ఉన్నవాటితో మొదలుపెట్టండి.

2. బరువు చూడండి. చిన్న ముక్క బొమ్మ, కానీ సైజు మాత్రం పూర్తి స్క్రీన్‌షాట్ అంత ఉందా? దాన్ని పక్కన పెట్టండి.

3. కొత్తది చేయండి. అనుమానం ఉన్న బొమ్మను పెయింట్‌లో తెరిచి, 'సేవ్ యాజ్'తో కొత్త పేరు పెట్టి సేవ్ చేయండి. పెయింట్ కనబడే బొమ్మను మాత్రమే తీసుకుని ఫైలును మొదటినుంచి రాస్తుంది కాబట్టి తోక కొత్త ఫైల్లోకి రాదు. పాతది తీసేసి, కొత్తది పెట్టండి. వన్‌డ్రైవ్‌లాంటి చోట్ల పాత వెర్షన్లు కూడా దాచి ఉంచుతారు. అదే ఫైలు మీద మార్చకుండా, పాతదాన్ని పూర్తిగా తొలగించి కొత్తదాన్ని విడిగా ఎక్కించండి.

4. ఏం బయటపడి ఉండొచ్చో దాన్నిబట్టి నడవండి. పాస్‌వర్డ్ అయితే ఇప్పుడే మార్చండి. కార్డు నంబరు అయితే బ్యాంకుకి చెప్పి కార్డు బ్లాక్ చేయించి కొత్తది తీసుకోండి. ఆధార్ నంబరు అయితే ఆధార్ సంస్థ యాప్‌లో బయోమెట్రిక్స్ లాక్ చేయండి. పాత ఓటీపీ అయితే ఏమీ చేయక్కర్లేదు, దాని గడువు ఎప్పుడో అయిపోయింది.

5. డబ్బు పోయినట్టు అనిపిస్తే ఆలస్యం చేయకండి. 1930కి ఫోన్ చేయండి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ రిపోర్టింగ్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వండి. బ్యాంకుకీ వెంటనే చెప్పండి. ఎంత తొందరగా చెబితే, డబ్బు వేరే ఖాతాలకు దాటిపోకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ. "ఇంత చిన్న విషయానికి ఫిర్యాదా, నలుగురూ ఏమనుకుంటారు" అని ఆగకండి.

ఈ ఆదివారం చేయాల్సింది

చదివి పక్కన పెట్టేస్తే ఈ అధ్యాయం వల్ల మీకు ప్రయోజనం లేదు. కాబట్టి ఈ ఆదివారం ఒక గంట కేటాయించండి. మొదట మీ కంప్యూటర్లో వెర్షన్ చూసి, 'పరీక్ష' ఫైలుతో సరిచూసుకోండి. తర్వాత మెయిల్‌లో పంపినవాటిని తెరిచి, 2023 మార్చి దాకా జత చేసిన బొమ్మలను వెతకండి. ఆధార్, పాన్, బ్యాంకు, పాస్‌పోర్టు అనే మాటలతో వెతికితే ముఖ్యమైనవి త్వరగా దొరుకుతాయి. చివరగా ఇంట్లో ఇంకొకరి కంప్యూటర్ ముందు కూర్చుని, వాళ్ల చేత ఇవే పనులు చేయించండి. మీరు చేసి పెట్టకండి, వాళ్ల చేతే చేయించండి.

సాఫ్ట్‌వేర్లో లోపాలు రేపూ వస్తాయి. వాటిని కనిపెట్టేవాళ్లు కనిపెడతారు, బాగుచేసేవాళ్లు బాగుచేస్తారు. ఆ రెండూ మన చేతిలో లేవు. ఏం తీయాలి, ఏ ఫైలుగా దాచాలి, ఎవరికి పంపాలి అన్న మూడూ పూర్తిగా మన చేతిలోనే ఉన్నాయి. కావలసినంతే తీయండి, కొత్త ఫైలుగా దాచండి, బరువు చూసి పంపండి. వారం రోజులు పట్టుబట్టి చేస్తే, ఆ తర్వాత మీ వేళ్లు వాటంతట అవే 'సేవ్ యాజ్' వైపు వెళ్తాయి.